పెళ్లికొడుకు లేని ఊరేగింపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉండేది కాదు. నలభైకి దగ్గరవుతున్న ఇప్పుడు రోజుకొకటి చొప్పున బయటపడుతున్నాయి గానీ, ఇరవై నాలుగేళ్ల వయసులో, పశువైద్యం డిప్లొమా కాగితం మడత ఇంకా నలగకముందే, ఆవు మొదలు పావురం దాకా దేనికి ఏ మందు పట్టాలో అడిగినవాళ్లకు ఒకసారి, అడగనివాళ్లకు రెండుసార్లు చెప్పేవాణ్ణి. మదనపల్లెలో ఒక పెద్ద డాక్టరుగారు సొంతంగా పెట్టుకున్న పశువుల క్లినిక్కులో అసిస్టెంటుగా చేరాను. పుంగనూరులో మా అమ్మ మాత్రం వీధి వీధంతా "మావాడు డాక్టరు" అని చెప్పుకొచ్చింది. (డాక్టరుకూ డాక్టరుగారి అసిస్టెంటుకూ ఉన్న తేడాను నేను కూడా పనిగట్టుకుని ఎవరికీ వివరించలేదు.)

మా డాక్టరుగారు ఆవుల మనిషి. తెల్లవారితే బైకెక్కి పెద్దమండ్యం అనీ, పెద్దతిప్పసముద్రం అనీ పల్లెలమీద పడిపోయేవారు. ఈతకష్టం ఆవులూ, పాలు తప్పిన బర్రెలూ ఆయనవి. పోతూ పోతూ "కుక్కలు, పిల్లులు వస్తే నువ్వు సూసుకోప్పా, కొంప మునిగేదుంటే ఫోను చెయ్యి" అనేవారు. ఈ మాటను ఇంకొకరైతే మామూలుగా తీసుకుంటారు. నేను పట్టాభిషేకంలాగా తీసుకున్నాను. నెల తిరక్కుండా ఒక చార్టు తయారు చేశాను. "ఏడాది పొడవునా కుక్కల, పిల్లుల, గుర్రాల ఆరోగ్య సంరక్షణ" అని పైన పెద్ద అక్షరాలు, కింద చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పన్నెండు వరుసలు, మూడు గడులు. జనవరి, ఫిబ్రవరి అంటే పల్లెల్లో ఒంటికి పట్టదని తెలుగు నెలలు వేశాను. ఎండాకాలంలో నీడా, రెండు పూటలా కొత్త నీళ్లూ. వానలు మొదలయ్యాక పిడుదులు చూసుకోవడం. మూడు నెలలకొకసారి నులిపురుగుల మందు, ఏడాదికొకసారి పిచ్చికుక్క రోగానికి టీకా. చలికాలంలో పడుకునేచోట గోనెసంచి. ప్రెస్సులో అచ్చు వేయించాను. అడుగున నా పేరు, పైనున్న గుర్రం బొమ్మకన్నా కొంచెం పెద్దదిగా వచ్చింది.

డాక్టరుగారు చార్టును అటూ ఇటూ తిప్పి చూసి, "గుర్రం గడి యాలప్పా? ఊర్లో గుర్రాలు ఎన్నుండాయని?" అని అడిగారు. "రెండే గడులైతే కాగితం బోసిగా ఉంటుంది సార్" అన్నాను. అదే నిజం కూడా. గుర్రాల గురించి నేను చదువుకున్నది మొత్తం ఒక్క పూట పాఠం, అందులోనూ కిటికీ పక్కన కూర్చుని సగం విన్నాను. విన్న సగంతో పన్నెండు నెలల గడి నింపేశాను.

ఆ చార్టు చేసిన మేలు గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్దమండ్యం దగ్గర ఒక రైతు టమోటా తోటకు కాపలాగా కుక్కను పెట్టుకున్నాడు. చార్టు ఇచ్చి నెల తరువాత వెళితే, కుక్కను కట్టేసే గుంజకే ఆ కాగితం అతికించి పెట్టాడు. "కుక్క ఎట్లుండాది?" అని అడిగితే, "దినామూ సూస్తానే ఉండాదప్పా, ఇంగా మార్పేమీ లేదు" అన్నాడు. ఆయన ఎగతాళి చేశాడా, నిజంగానే అన్నాడా అన్నది నాకు ఈ రోజుకీ తేలలేదు. ఇక పిల్లుల పక్క చూస్తే, మా క్లినిక్కు వీధిలోనే ఒక రిటైర్డు టీచరమ్మ ఉండేది. చార్టు ప్రకారం పిల్లికి మాత్ర పడాల్సిన రోజు ఆవిడే గుర్తుపెట్టుకుని కబురు పంపింది. పెరుగన్నంలో మాత్ర దాచి పెట్టాను. పిల్లి పెరుగన్నం మొత్తం తిని, గిన్నె నాకి, మాత్రను కడిగినట్టు గిన్నె మధ్యలో వదిలిపెట్టింది. సరే, పట్టుకుని నోట్లో వేద్దామని చెయ్యి పెట్టాను. కాసేపటి తరువాత టీచరమ్మ నా మోచేతి దాకా పసుపు అద్దుతూ, పిల్లివైపు తిరిగి "పోనీలేమ్మా, కొత్తోడు" అని సముదాయించింది. అయినా నాకు బుద్ధి రాలేదు. కుక్కా పిల్లీ చెప్పినా రాని బుద్ధి గుర్రం చెబితే వచ్చింది.

ఊళ్లో అందరూ గుర్రంతాత అని పిలిచే ముసలాయన ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో జట్కా తోలేవాడట. ఆటోలొచ్చి జట్కా మూలపడ్డాక, ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చుకుని పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. దాని పేరు చాందినీ. ఇంట్లో ఆయనా, ఆ గుర్రమూ తప్ప మూడో ప్రాణి లేదు. "మా పండగలకన్నా మీ ముహూర్తాలే నాకు ముందు తెలుస్తాయి బాబూ" అనేవాడు. అది నిజం. ఆషాఢం ఎప్పుడు పోతుందో, మూఢం ఎప్పుడు వస్తుందో పంచాంగం చూసే అయ్యవారికన్నా ముందే చెప్పేవాడు. ఒకరోజు క్లినిక్కుకు వచ్చి గోడమీద చార్టు చూసి, "ఇదేంది, గుర్రం బొమ్మ ఉండాది?" అన్నాడు. నేను గుర్రం గడి మొత్తం చదివి వినిపించాను. తెలుగు చదవడం రాదు గనుక మళ్లీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించుకున్నాడు. చదువుతుంటే నాకే అది చాలా గొప్పగా అనిపించింది. ఒక కాగితం అడిగి తీసుకుని, మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాడు.

ఆ ఏడు శ్రావణం రెండో రోజు. ఆ రోజుకు నా జీవితంలో ఇంకో ప్రాముఖ్యం ఉంది. ఆషాఢం పోయింది కదా అని కుప్పం నుంచి ఒక పెద్దాయన నన్ను చూసుకోవడానికి వస్తున్నారు. పిల్లను తరువాత చూపిస్తారట, ముందు పిల్లవాడెలా ఉన్నాడో, ఎక్కడ ఉంటున్నాడో చూడాలన్నారట. పదకొండు గంటలకు నా అద్దెగదికి రావాలి. మా అమ్మ పుంగనూరు నుంచి బస్సులో వచ్చి ఆయనకు ఎదురువెళ్లాలి. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని (తెలుపు మర్యాద అని మా అమ్మ ఆజ్ఞ), నుదుట చిన్న కుంకుమ బొట్టు కూడా పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే ఫోను మోగింది.

"బాబూ, బిన్నా రా, ఆలస్యం చేయాకు. చాందినీ పడి దొర్లతాండాది."

డాక్టరుగారికి ఫోను చేస్తూ పరుగెత్తాను. ఆయన అప్పుడే పెద్దతిప్పసముద్రం బయలుదేరుతున్నవారు బైకు తిప్పారు. మేమిద్దరం వెళ్లేసరికి చాందినీ ఒళ్లంతా చెమటతో ముందుకాలితో నేల గీకుతోంది. మెడ తిప్పి తిప్పి తన కడుపువైపే చూసుకుంటోంది. ఉన్నట్టుండి కూలబడి దొర్లబోతుంటే తాత పగ్గం పట్టుకుని లాగుతున్నాడు. డాక్టరుగారు కడుపుమీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు. "లోపల చప్పుడే లేదు" అన్నారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, ముక్కులోంచి గొట్టం వేసి నూనె మందు పట్టారు. అప్పుడు తాతను అడిగారు.

"మేత ఏమన్నా మార్చినావా తాతా?"

"ఉలవలు రెండింతలు చేసినా సార్. నిన్న మాపటికి."

నా కళ్లు తమంతట తామే గోడవైపు పోయాయి. అక్కడ, నీళ్లతొట్టి పైన, నా చార్టు ఉంది. గుర్రం గడిలో ఆషాఢం వరుస: పూర్తి విశ్రాంతి, ఎండుగడ్డి, నీళ్లు. శ్రావణం వరుస: ఉలవలు రెండింతలు. అంతే రాశాను. ఒక్క పూటలో పెంచకూడదనీ, వారం పది రోజులమీద కొంచెం కొంచెంగా పెంచాలనీ రాయలేదు. గడిలో చోటు చాలలేదు. (చోటు ఎందుకు చాలలేదంటే నా పేరు పెద్దది చేయించాను.) నెలరోజులు కదలకుండా నిలబడి గడ్డి మాత్రం తిన్న గుర్రానికి, శ్రావణం మొదటి రోజున, అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా, ముసలాయన ఉలవలు పెట్టాడు.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మెల్లగా వెనక్కు జరిగి, చార్టుకు అడ్డంగా నిలబడ్డాను. "ఇన్నేళ్లు గుర్రాన్ని సాకినోడివి, ఒకేసారి అన్ని ఉలవలు ఎవురు పెట్టమన్నారు నీకు?" అని డాక్టరుగారు గద్దించారు. తాత నావైపు ఒక చూపు చూసి, "నేనే పెట్టినా సార్. బుద్ధి లేకపాయె" అన్నాడు. పాపం, చార్టు సంగతి కంగారులో మరిచిపోయాడని అనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

డాక్టరుగారు సంచి సర్దుకుంటూ నాతో అన్నారు. "పేగులు కట్టుబడిపోయినాయి. దొర్లితే మెలిపడి పోతాది, దొర్లనీయొద్దు. మెల్లగా నడిపిస్తా ఉండు. ఇరవై నిమిషాలు నడుపు, కొంచేపు నిలుపు, మళ్లా నడుపు. లద్దె వేసిందా, బతికినట్టే. సాయంత్రందాకా వేయకపోతే మనం చేసేది ఏం లేదు. పెద్దతిప్పసముద్రంలో ఒగ ఆవు ప్రాణంమీద ఉండాది, నేను పోయి వస్తా." ఆయన వెళ్లిపోయారు. తాత మోకాళ్లు అరిగిపోయిన మనిషి, వీధి చివరిదాకా నడవడమే కష్టం. పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

లాగాను. చాందినీ కదల్లేదు. అదిలించాను, బతిమాలాను, వెనకనుంచి తోశాను. నొప్పితో ఉన్న ప్రాణికి నా మర్యాదలూ నా డిప్లొమా ఏం తెలుస్తాయి? మళ్లీ మోకాళ్లు మడిచింది. "అది డోలు లేంది నడవదు బాబూ" అన్నాడు తాత, ఇందులో వింతేముంది అన్నట్టుగా. ఆరేళ్లుగా అది ఇల్లు దాటి అడుగేసిందంటే ముందు బ్యాండు ఉన్నట్టే. పక్కింట్లోనే ఉండే డోలాయన్ను కేకేశాడు. ఆయన అప్పుడే నిద్రలేచినట్టుంది, బనియన్‌మీదే డోలు తగిలించుకుని వచ్చి రెండు దెబ్బలు వేశాడు. చాందినీ చెవులు నిక్కాయి. మూడో దెబ్బకు ముందుకాలు లేచింది.

"నిలు, నిలు" అని తాత లోపలికి వెళ్లి ఎర్ర ముఖమల్ గుడ్డా, మెడ గజ్జెలూ తెచ్చాడు. "ఇవి యాల తాతా, ఇప్పుడు?" అంటే, "నక్కో నక్కో, అట్లొద్దు, ఒట్టి ఒంటితో వీధిలో తిప్పితే దానికి సిగ్గు. గజ్జెల సద్దు ఇంటేనే నడక వస్తాది" అన్నాడు. వాదించే స్థితిలో నేను లేను.

ఆ విధంగా మదనపల్లె వీధుల్లోకి మా ఊరేగింపు బయలుదేరింది. ముందు బనియన్ తొడుక్కున్న డోలాయన, వెనక గజ్జెలతో ముఖమల్ కప్పుకున్న తెల్లగుర్రం, దాని పగ్గం పట్టుకుని తెల్లచొక్కా, తెల్లప్యాంటు, నుదుట కుంకుమ బొట్టుతో నేను. చూసేవాళ్లకు అర్థం కానిదేముంది? మొదటి మలుపులోనే ఒక ముసలమ్మ అరుగుమీదనుంచి "ఎక్కు నాయనా, ఏం కాదు, భయపడొద్దు" అని ధైర్యం చెప్పింది. మూలమీద పూలమ్మే ఆవిడ గుప్పెడు కనకాంబరాలు నామీద చల్లి, "అమ్మాయిది ఏ ఊరన్నా?" అని అడిగింది. టమోటా క్రేట్ల ఆటోలు మార్కెట్టుకు పోయే దారి అది. ఆటోలు పక్కకు ఆపి మరీ ఫోటోలు తీశారు. "పెళ్లికొడుకు ఏడన్నా?" అని ఎవరో అడిగితే డోలాయన వాయించడం ఆపకుండా, "నడస్తాండాడు కదప్పా" అని గడ్డంతో నన్ను చూపించాడు. "అరె, ఎక్కేది రాదా?" అని ఆ మనిషి జాలిపడ్డాడు.

నా చూపంతా గుర్రం తోకకిందే ఉంది. పెళ్లికొడుకు మాటిమాటికి వెనక్కు తిరిగి గుర్రం తోక ఎత్తి చూడటం ఆ ఊళ్లో అదే మొదటిసారి అయివుంటుంది.

రెండో చుట్టు తిరుగుతుంటే అమ్మ ఫోను. పుంగనూరులో మా పక్కింటావిడకు అప్పటికే ఫోన్లో ఫోటో చేరిపోయింది. ఆవిడ బస్టాండుదాకా వచ్చి, బస్సెక్కుతున్న అమ్మకు చూపించిందట.

"ఎవుర్రా ఆ పిల్ల?"

"పిల్ల ఏంది? గుర్రం అమ్మా!"

"గుర్రం నాకూ కనపడతాండాది. పిల్ల యాడుండాది అంటాండా! కుప్పమోళ్లు వచ్చే దినం చూసుకుని ఇట్లా చేస్తావా, నీకేం తక్కువ చేసినాన్రా నేను?"

"అమ్మా, దానికి కడుపునొప్పి."

అమ్మ గొంతు తగ్గించి, "అయితే పెళ్లి బిన్నా చేసేయాల్సిందేనా?" అంది. బస్సు కొండమలుపులోకి పోయినట్టుంది, ఫోను కట్టయింది. (ఈ భాగం ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఆ తరువాత గంటసేపు ఆ బస్సులో కూర్చున్న మా అమ్మను తలుచుకుంటే నాకు మాత్రం నవ్వు రాదు.)

ఎండ పెరిగింది. నాలుగో చుట్టుకు నా చొక్కా గుర్రం చెమటతోనూ నా చెమటతోనూ తడిసి రంగు మారింది. చెప్పు తెగిపోతే రెండూ వదిలేశాను. మేం తిరిగి వచ్చినప్పుడల్లా తాత గుమ్మంలో నిలబడి, "వేసిందా?" అని అడిగేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ప్రతి చుట్టులోనూ, ఈసారి ఇంటిదగ్గరికి వెళ్లగానే నిజం చెప్పేయాలి అనుకునేవాణ్ణి. వీధి చివర ఆ మనిషి కనబడేసరికి చూపు మళ్లీ గుర్రం తోకవైపు తిప్పుకునేవాణ్ణి. "దిష్టి తగిలింది బాబూ, నిన్న స్నానం చేపిచ్చి బయట కట్టేసింటి" అని ఆయన అంటుంటే, అవును దిష్టే అయివుంటుంది అని పిరికిగా తల కూడా ఊపాను.

ఆరో చుట్టులో చాందినీ నడివీధిలో కూలబడింది. డోలు కొట్టినా లేవలేదు. మెడ నేలకు చాపేసి, పళ్లు కొరుకుతూ, కళ్లు మూసుకుంది. చుట్టూ మనుషులు చేరారు. తాత గోడలు పట్టుకుంటూ అంత దూరం నడిచి వచ్చాడు. నేలమీద చతికిలబడి దాని తల ఒళ్లో పెట్టుకుని, చెవిలో నోరు పెట్టి "ఉఠో బేటీ, ఉఠో మా" అంటున్నాడు. లే తల్లీ, లే అని. ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. స్కూలుకు పోనని మొరాయించే పిల్లను లేపుతున్నట్టు అంటున్నాడు. ఈ గుర్రం చచ్చిపోతే ఈ ముసలాయన ఇంటికి ఎవరి దగ్గరికి పోతాడు? ఆ మాట నా బుర్రలోకి వచ్చాక ఇక అక్కడ నిలబడలేకపోయాను. గుంపులోని నలుగురు మగవాళ్లను పిలిచి, తలా ఒక పక్క పట్టుకోమని, నేను భుజం దాని తొడకిందికి పెట్టి, "డోలు కొట్టన్నా, పగిలిపోయేట్టు కొట్టు!" అని అరిచాను. డోలాయన కళ్లు మూసుకుని వాయించాడు. మేం ఎత్తాం. అది లేచింది. తూలింది, నిలదొక్కుకుంది, ఒక అడుగు వేసింది. ఇక దాన్ని నిలబడనివ్వలేదు.

మధ్యాహ్నం దాటిపోయింది. నా గదికి తాళం చూసి, వీధిలో ఎవరినో అడిగి, మా అమ్మ కుప్పం పెద్దాయన్ను వెంటబెట్టుకుని డోలు చప్పుడు పట్టుకుని వచ్చేసింది. పెద్దాయన తెల్లపంచె, భుజాన తువ్వాలు, చేతిలో పళ్లసంచి. మా అమ్మ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఆవిడ దారి పొడవునా ఆయనకు ఏం సర్దిచెప్పిందో దేవుడికే తెలియాలి. సరిగ్గా వాళ్లు మా ఎదుటికి వచ్చిన క్షణంలో చాందినీ నిలబడిపోయింది. తోక మెల్లగా పైకి లేచింది.

"వేసింది!" అని గావుకేక పెట్టాను. "అమ్మా, వేసింది! లద్దె వేసింది!" డోలాయన్ను కౌగలించుకున్నాను. వాయిద్యం నా పొట్టకు గుచ్చుకున్నది కూడా తెలియలేదు. ఎవరో ఈల వేశారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. పిల్లవాణ్ణి చూసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ముందు, చెప్పుల్లేకుండా, తడిసి రంగు మారిన చొక్కాతో, గుర్రం పేడ చూసి గంతులు వేసే డాక్టరైన కొడుకు!

కుప్పం పెద్దాయన పళ్లసంచి మా అమ్మ చేతికిచ్చాడు. పంచె ఎగదోపుకుని, లద్దె పక్కన గొంతుక్కూర్చుని, వంగి పరిశీలనగా చూశాడు. ఒక పుల్లతో విడదీశాడు. "గట్టిగానే ఉండాది. లోపల నూనె సూడు, నిగనిగా అంటాండాది. మందు అడుగుదాకా దిగింది" అన్నాడు. "ఇంగొగసారి పడాలప్పా, ఇది చాలదు. పద, ఇంగో సుట్టు నేను కూడా వస్తా." జీవితమంతా ఆవులను సాకిన మనిషి ఆయన. నా ఉద్యోగం గురించి, జీతం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఏడో చుట్టు పొడవునా మేమిద్దరం పేగుల గురించి మాట్లాడుకున్నాం. ఆ చుట్టు చివర రెండో లద్దె పడింది. (ఆయన ఇంటికి వెళ్లి తన కూతురితో, "పిల్లోడు వాసనొస్తాండాడు గానీ పనిమంతుడు" అని చెప్పాడట. ఆ కూతురు ఇప్పుడు నా పక్కన కూర్చుని, వాసన సంగతి రాయడం మరిచిపోవద్దని గుర్తుచేస్తోంది.)

చాందినీని ఇంటికి తెచ్చి కట్టేశాం. నీళ్లు తాగింది. చెవులు నిక్కబొడుచుకుని మామూలుగా నిలబడింది. రేపటిదాకా ఉలవల మాట ఎత్తొద్దని తాతకు చెప్పాను. శ్రావణం మొదటి పెళ్లికి దాన్ని పంపనని ఆయన అప్పటికే కబురంపేశాడు. అందరూ టీ కోసం బయట కూర్చున్నారు. లోపల మేమిద్దరమే ఉన్నాం. గోడమీద నా పేరు పెద్ద అక్షరాలతో కనిపిస్తోంది. ఇంక ఆగలేకపోయాను.

"తాతా, దిష్టి కాదు. తప్పు నాది. ఉలవలు ఒకేసారి పెంచకూడదు. కాగితంలో నేను రాయలేదు."

తాత గుర్రం మెడ నిమురుతూనే ఉన్నాడు. "నాకు తెల్దా బాబూ? పిడికెడు పిడికెడు పెంచాలని మా అబ్బా నాకు పదేళ్లప్పుడే నేర్పిచ్చినాడు. సదువుకున్నోళ్లు అచ్చు వేసినారు కదా, కొత్తగా ఏమో కనిపెట్టింటారులే అనుకున్నా. నీదొగ తప్పు, నాదొగ తప్పు."

"మరి పొద్దున డాక్టరుగారు అడిగితే నా పేరు చెప్పలేదేం?"

"సెప్పింటే ఆయన నిన్ను నాలుగు తిట్టి క్లినిక్కుకు పంపిచ్చింటాడు. నాకు నడిపిచ్చే మనిషి యాడుండాడు? ఇంగొకడైతే రెండు సుట్లకే టీకి కూసుంటాడు." ఆయన నావైపు తిరిగాడు. నవ్వుతున్నాడో లేదో ఆ గడ్డంలో తెలియలేదు. "తప్పు సేసినోడు కూసోడప్పా. అందుకే నీ సేతికి పగ్గం ఇచ్చినా."

ఇదంతా జరిగి పద్నాలుగేళ్లవుతోంది. ఇప్పుడు నేను సలహాలు తక్కువగా ఇస్తాను. ఇచ్చినా "కొంచెం కొంచెంగా" అని రెండుసార్లు చెబుతాను. తప్పులు మాత్రం చేస్తూనే ఉంటాను, వయసుతోబాటు అవి కూడా పెరిగాయి. కాకపోతే తప్పు జరిగిందని తెలిశాక, ఎందుకు జరిగిందో, ఎవరివల్ల జరిగిందో, అందులో నా పాలు ఎంత తక్కువో కుర్చీలో వెనక్కి వాలి చక్కగా వివరించగలుగుతున్నాను. వివరించి, టీ కూడా తాగుతున్నాను. అలాంటప్పుడు ఒక్కోసారి, నడిరోడ్డులో చెప్పుల్లేకుండా గుర్రం వెంట నడుస్తూ కూర్చోవాలన్న ఆలోచనే రాని ఆ వెర్రిబాగులవాడు గుర్తొస్తాడు. వాడికి ఏమీ తెలియదు. అయినా ఎందుకో వాణ్ణి చూస్తే నాకు అసూయ.